డెమో మేడం

నవనీత బోర్డు మీద తారీఖు వేసి పిల్లల వైపు తిరిగిందో లేదో, వెనక బెంచీలోంచి ఒక గొంతు పాఠం అందుకుంది.

"సబ్జెక్ట్ ప్లస్ విల్ ప్లస్ బీ ప్లస్ వెర్బ్‌కు ఐఎన్‌జీ."

ఆ వెంటనే పదో తరగతి మొత్తం బెంచీల మీద వేళ్లతో దరువేస్తూ అదే మాటను మూడుసార్లు అప్పజెప్పింది. నవనీత చేతిలో చుట్టిన చార్టు చుట్టినట్టే ఉండిపోయింది. ఆ చార్టు మీద ఆదివారమంతా కూర్చుని గడియారం గీసింది, పక్కన రైలు గీసింది. రేపు ఈపాటికి మనం నిద్ర లేస్తుంటే ఆ రైలు ఎక్కడో పోతూ ఉంటుంది కదా అని పిల్లల్ని మెల్లగా నడిపించి, ఫ్యూచర్ కంటిన్యువస్ అన్న పేరు చిట్టచివర చెబుదామనుకుంది. ఆ చివరి మాటను వీళ్లు మొదటి నిమిషంలోనే ఆమె మొహాన కొట్టారు.

"ఈ పాఠం మీకు ఎవరు చెప్పిండ్రు?"

"అందరు జెప్పిండ్రు మేడం," అన్నాడు వెనక బెంచీ పిల్లవాడు. వాడి పేరు మల్సూర్. వెక్కిరింపేమీ లేదు, ఉన్న మాటే చెబుతున్నట్టు చెప్పాడు.

గది చివర ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న స్కూలు కరస్పాండెంటు గొంతు సవరించుకున్నాడు. "కానివ్వండి మేడంగారూ. రివిజన్ ఎప్పుడూ మంచిదేగా."

సరే అనుకుని నవనీత ఉదాహరణలు అడిగింది. చేతులు టపటపా లేచాయి. ఒకడు రేపు ఈపాటికి క్రికెట్ ఆడుతూ ఉంటాడు. ఇంకొకతె హైదరాబాద్ బస్సులో ప్రయాణిస్తూ ఉంటుంది. మల్సూర్ ట్రాక్టర్ నడుపుతూ ఉంటాడు. ఇంగ్లీషులో ఎక్కడా తడబాటు లేదు, తప్పు లేదు, ఆలోచన కూడా లేదు. హాజరు పిలిస్తే పలికినట్టు ఒకరి తర్వాత ఒకరు లేచి పలికి కూర్చున్నారు. కిటికీ పక్కన కూర్చున్న రూప అనే అమ్మాయి, "మై మదర్ విల్ బి కుకింగ్ రైస్," అంది.

"బాగుంది. అమ్మ సంగతి కాదు, నువ్వేం జేస్తుంటవో చెప్పు."

రూప పక్కనున్న పిల్లను ఒకసారి చూసి, చేతులు కట్టుకుని నెమ్మదిగా చెప్పింది. "క్రికెట్ వాడిది, బస్సు దానిది మేడం. నా వంతుకు అమ్మ వాక్యం వచ్చింది."

కరస్పాండెంటు నవ్వాడు. నవనీతకు నవ్వు రాలేదు. సూర్యాపేటలో తొమ్మిదేళ్లుగా ఎల్‌కేజీ పిల్లల ముక్కులు తుడుస్తూ, ఏ ఫర్ ఆపిల్ అరిచి గొంతు పోగొట్టుకుంటున్న మనిషి. ఇంగ్లీషులో ఎమ్మే చేసింది పై తరగతులకు చెప్పడానికి. ఆ స్కూల్లో ఎన్నిసార్లు అడిగినా "చిన్నపిల్లలకు మీ అసొంటోళ్లే కావాలె మేడం" అని మర్యాదగా తోసేశారు. ఈ కోదాడ స్కూలు వాళ్లు పదో తరగతికి ఇంగ్లీషు టీచరు కావాలని ఫోన్ చేసినప్పుడు ఆమెకు ఆ రాత్రి అన్నం సయించలేదు. మూడు రోజుల డెమో, నచ్చితే ఆర్డరు అన్నారు. నాలుగు రోజులు జీతం నష్టం మీద సెలవు పెట్టి వచ్చింది. శుక్రవారంలోగా ఉంటరో పోతరో తేల్చి చెప్పాలె అని సూర్యాపేట హెడ్మాస్టరు ముందే మాట తీసుకున్నాడు.

గంట కొట్టాక కరస్పాండెంటు లేచి చొక్కా సర్దుకున్నాడు. ఆయన లెక్కల మనిషి. ఇంగ్లీషు వ్యాకరణంలో ఆయనకు గట్టిగా తెలిసింది ఈ ఒక్క పాఠమే, అందుకే వచ్చిన ప్రతి అభ్యర్థికీ ఇదే ఇస్తాడు. ఆ సంగతి తర్వాత తెలిసింది.

"పర్లేదండీ, బాగానే ఉంది. మూడు రోజులూ ఇదే టాపిక్ మీద ఉండండి, ఫౌండేషన్ గట్టిపడాలి. ఎలాగూ ఇంత దూరం వచ్చారు కదా, ఆ తొమ్మిది, ఎనిమిది, ఏడు కూడా కాస్త చూసేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో ఇచ్చారుగా?"

"ఇచ్చిన సార్."

"వెరిఫికేషన్ అయ్యాక ఇచ్చేస్తాం."

అలా డెమోకు వచ్చిన మనిషి సాయంత్రం దాకా ఆరు పీరియడ్లు చెప్పింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీసేసరికి క్లర్కు వచ్చి ఎనిమిదో తరగతి పరీక్ష పేపర్ల కట్ట ఎదురుగా పెట్టి పోయాడు. ఎడం చేత్తో పేపర్లు దిద్దే అలవాటు లేదు కాబట్టి తిని చేయి కడుక్కుని దిద్దడం మొదలుపెట్టింది.

సాయంత్రం సూర్యాపేట బస్సులో రూప ఎక్కింది. మునగాల దగ్గర దిగే పిల్ల. నిలబడడానికే చోటు లేని బస్సులో నవనీత కాస్త జరిగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"నాకన్న ముందు ఎంతమంది వచ్చిండ్రమ్మా?"

"దసరా సెలవులైనంక మా ఇంగ్లీష్ సార్ మానేసిండు మేడం. అప్పటిసంది డెమో మేడంలే. మీరు ఆరో మేడం." ఒళ్లో బ్యాగు పట్టీ వేలికి చుట్టుకుంటూ అడిగింది. "మీరు కాయితాలు ఇచ్చిండ్రా మేడం? అసల్వి?"

"ఇచ్చిన. ఏం?"

"ఏం లేదు."

*

మర్నాడు పొద్దుటి నుంచి అదే గానుగ. తొమ్మిదో తరగతి, ఏడో తరగతి, ఎవరో రాని టీచరు బదులు నాలుగో తరగతి కూడా. మళ్లీ అదే విల్, అదే బీ. పిల్లలు అదే దరువు. వీళ్లకు రాని పాఠం చెప్పమంటే నవనీత ఎంతైనా చెబుతుంది. వచ్చిన పాఠాన్ని మళ్లీ మళ్లీ చెప్పడమంటే కడిగిన గిన్నె కడగడమే.

చివరి పీరియడు పదో తరగతి. కరస్పాండెంటు ఎవరో తల్లిదండ్రులతో మాట్లాడుతున్నాడు. నవనీత తలుపు దగ్గరికి వేసి, చార్టును మూలన నిలబెట్టింది.

"పరీక్షల లెటర్ రాయమని అడుగుతరు. మీకు లెటర్ రాసుడు ఎవరన్న చెప్పిండ్రా?"

దరువేసిన వేళ్లన్నీ బెంచీల కింద దాక్కున్నాయి.

"రూపా, మీ ఊరి స్టేజీ కాడ బస్సు ఆగుతదా?"

"ఆగది మేడం. మునగాలల దిగి నడుస్త."

"మరి డిపో మేనేజరుకు రాద్దాం, ఆపమని."

బోర్డు మీద లెటర్ నమూనా రాసిపెట్టలేదు ఆమె. ఎడమ పక్కన రాసేవాళ్ల ఊరు ఎందుకుంటుందో అడిగింది. జవాబు ఎక్కడికి పంపాలో వాళ్లకు తెలియాలి కదా అని ఒకడు అన్నాడు. మేనేజరును ఎలా పిలవాలో అడిగితే, "అన్నా అనొద్దా మేడం?" అన్నాడు మల్సూర్, అందరూ నవ్వారు. ఎందుకు అనకూడదో వాడి చేతే చెప్పించింది. బస్సు ఆగకపోతే ఏమవుతుందో రూప తెలుగులో చెబుతుంటే, అందరూ కలిసి ఆ మాటలను ఒక్కొక్కటిగా ఇంగ్లీషులోకి లాక్కొచ్చారు. వానకాలంలో బురద, చీకటిపడ్డాక కుక్కలు, అమ్మ కల్లం పని వదిలేసి రోడ్డు దాకా ఎదురు రావడం. వ్యాకరణం తప్పులు కుప్పలుగా పడ్డాయి. ఒక్కొక్క తప్పునూ పిల్లలే పట్టుకున్నారు. రెండు పేరాలు అయ్యాయి, అడగాల్సిన మాట ఇంకా అడగలేదు, గంట కొట్టేశారు. ఎవరూ లేవలేదు.

"మిగిలింది రేపు," అంది నవనీత. చేతికున్న చాక్ పొడి దులుపుకుంటూ ఆమె ఎంత సంతోషపడిందంటే, వరండాలో ఎదురైన కరస్పాండెంటుకు తానే ముందు నమస్కారం పెట్టింది.

"మీ గురించి మంచి రిపోర్టు ఉందండీ. రేపటి ఫైనల్ డెమో ఫార్మాలిటీ అంతే. ఆర్డరు టైపు అయిపోయినట్టే అనుకోండి. అక్కడ రిజైన్ చేసేసి వచ్చేయండి. ఓ వారం పది రోజులు అబ్జర్వేషన్ ఉంటుంది, అది అందరికీ ఉండేదే."

ఆ మాట అంటున్నప్పుడు పదో తరగతి గుమ్మంలో మల్సూర్, రూప, ఇంకో నలుగురు బ్యాగులు తగిలించుకుని నిలబడి వింటున్నారు. ఆ సాయంత్రం రూప ఆమె బస్సులో ఎక్కలేదు.

ఇంటికి చేరి అత్త రుక్కమ్మకు సంగతి చెప్పింది. మిర్యాలగూడ రైస్ మిల్లులో కాంటా దగ్గర పనిచేసే భర్త నాగేందర్‌కు ఫోన్ చేసింది. వడ్ల సీజను, మిల్లు గేటు నుంచి రోడ్డు దాకా ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయట. వాటి చప్పుడులో అతనికి సగం మాటలు వినపడలేదు.

"దాదాపు అయినట్టే అన్నరు. కోదాడల ఇల్లు సూడాలె, బాబు స్కూలు మార్చాలె."

"కాయితం చేతికొచ్చిందా?" అని అరిచాడు నాగేందర్.

"రేపో ఎల్లుండో ఇస్తరు."

పక్కన పచ్చిమిరపకాయల తొడిమలు తీస్తున్న రుక్కమ్మ తల ఎత్తకుండానే అంది. "ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టున్నది నీ యవ్వారం. ఆడెవడో అన్నడని ఉన్నదాన్ని ఇడిసిపెడ్తవా?"

"నాకు వచ్చిన చదువు చెప్పుకుంటనంటె కూడ మీకు కండ్లమంటనే అత్తమ్మా," అని విసురుగా లేచిపోయింది నవనీత. రాజీనామాలో ఏం రాయాలో మనసులో అనుకుంటూ బియ్యం కడిగింది.

*

గురువారం ఫైనల్ డెమో. కరస్పాండెంటు ఈసారి కాగితం, పెన్నుతో కూర్చున్నాడు. నవనీత నిబ్బరంగా ఉంది. ఈ పిల్లలకు నిద్రలో లేపినా వచ్చే పాఠం. చార్టు గోడకు తగిలించి, మల్సూర్ వైపు చూసి కళ్లతోనే అడిగింది.

మల్సూర్ లేచి నిలబడ్డాడు. పైకప్పు చూశాడు. "ఐ విల్ గోయింగ్," అన్నాడు.

"ఏమైంది? సరిగ చెప్పు."

"ఐ గోయింగ్ విల్."

క్రికెట్ పిల్లవాడిని లేపింది. వాడు నోరు తెరిచి, మూసి, కూర్చున్నాడు. హైదరాబాద్ బస్సు పిల్ల నిన్న వెళ్లాను అంది. సూత్రం చెప్పమని మొత్తం తరగతిని అడిగితే, తలా ఒక ముక్క తలా ఒక దిక్కు అరిచారు. ఒకడు ఏకంగా, "గీ పాఠం మాకు చెప్పలేదు మేడం," అన్నాడు. చాక్‌పీసు రెండుసార్లు నవనీత చేతిలోంచి జారింది. ఇక రూపే దిక్కు అనుకుంది.

"రూపా. మీ అమ్మ రేపు ఈపాటికి ఏం జేస్తుంటది? నీకు వచ్చు గదా."

రూప బెంచీ అంచును గోటితో గీరుతూ నిలబడింది. "తెల్వది మేడం."

"నిన్న మొన్న చెప్పినవ్."

"తెల్వది."

కరస్పాండెంటు పెన్ను జేబులో పెట్టుకుని లేచాడు. పిల్లల ముందే అన్నాడు. "మూడు రోజులు చెప్పిన ఫలితం ఇదా మేడంగారూ? ఉన్నది కూడా ఊడగొట్టారు. మాకు సెట్ అవ్వదండీ. ఏమీ అనుకోకండి."

సర్టిఫికెట్లు అడిగితే బీరువా తాళం క్లర్కు దగ్గర ఉంది, ఆయన బయటికి వెళ్లాడు, రేపు పొద్దున్నే వచ్చి తీసుకోమన్నారు. స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బాను బ్యాగులోకి తోసింది. అవమానం కన్నా కోపమే ఎక్కువగా ఉంది. ఆ కోపం కరస్పాండెంటు మీద కాదు, పిల్లల మీద. ఇంత చేసి, వాళ్ల కోసం తలుపేసుకుని చెబితే, కూడబలుక్కుని నడి బజారులో నిలబెట్టారు. పదో తరగతి పిల్లలంటే అంతేనేమో, ఎల్‌కేజీయే నయం అని కూడా అనుకుంది. కానీ ఆ మాట నిజం కాదని ఆమెకు తెలుసు.

సాయంత్రం బస్సులో రూప వచ్చి పక్కన కూర్చుంది. నవనీత కిటికీ వైపు తిరిగింది.

"కోపమచ్చిందా మేడం?"

బస్సు ఊరు దాటింది.

"మీకన్న ముందొచ్చిన సువర్ణ మేడం గూడ బాగ జెప్పేది," అంది రూప, తన చేతుల వంక చూసుకుంటూ. "బాగ జెప్తున్నవని సారు ఇంకో వారం, ఇంకో వారం అనుకుంట తిప్పిండు. కాయితాలు ఇయ్యలే. చంటిపిల్లను ఎత్తుకొని వచ్చేది మేడం. మేమే ఆడిపిచ్చెటోళ్లం ఆ పిల్లను. మిర్యాలగూడల ఉన్న కొలువు గూడ పోగొట్టుకున్నది. ఆఖరికి ఆర్డరు లేదు ఏం లేదు, ఏడ్సుకుంట పోయింది. బాగ జెప్పనోళ్లకు మాత్రం తెల్లారే కాయితాలు ఇచ్చి పంపిండు."

నవనీత తల తిప్పింది.

"ఎవ్వల్నీ తీసుకోడు మేడం సారు. డెమో మేడంలతోనే సంవత్సరం ఎల్లదీస్తడు. నిన్న మీకు రిజైన్ జెయ్యమని చెప్తుంటే విన్నం. మల్సూర్ అన్నడు, గీ మేడంను గూడ గట్లనే జేస్తడురా అని. అందుకే నిన్న బస్సు ఎక్కలే, అందరం మాట్లాడుకున్నం." తప్పు ఒప్పుకుంటున్నట్టు మెల్లగా అంది. "మా నాయినకు గొర్లున్నయి. మంచి పొట్టేలుంటే, చూసినోళ్ల కన్ను పడొద్దని ఇంత బురద పూస్తడు. మీకు గూడ గట్లనే పూసినం."

పొద్దుటి నుంచి నవనీత మోసిన కోపానికి ఒక్కసారిగా ఆధారం పోయింది. మూడు రోజులు వెట్టి చేయించుకున్నవాడికి చేతులెత్తి నమస్కారం పెట్టింది తను. ఉన్న ఉద్యోగం వదిలేయడానికి సిద్ధపడింది తను. తొమ్మిదేళ్లలో తన పాఠం కావాలనుకున్న తరగతి ఇదొక్కటే, అదే తనను వెళ్లగొట్టింది.

"మరి మీ పరీక్షలు?" అంది చివరికి.

"మాదెట్లనో గట్ల అయితది మేడం." మునగాల వచ్చింది. రూప లేచి, ఎవరి కాళ్లో తొక్కి, సారీ చెప్పి, దిగి నడుచుకుంటూ పోయింది.

*

శుక్రవారం పొద్దున్నే నవనీత సూర్యాపేట హెడ్మాస్టరుకు ఫోన్ చేసి, మధ్యాహ్నం నుంచి డ్యూటీకి వస్తానని చెప్పింది. "ఎల్‌కేజీ మీ కోసమే ఏడుస్తున్నది మేడం," అన్నాడాయన. ఆ మాటకు ఆమెకు సంతోషం వేయలేదు, ఏడుపూ రాలేదు.

కోదాడలో క్లర్కు ఏ పేచీ లేకుండా సర్టిఫికెట్లు చేతిలో పెట్టాడు. ఒక్కొక్కటి తిప్పి చూసుకుని బ్యాగులో సర్దుకుని బయటికి వచ్చేసరికి గేటు దగ్గర ఆటో ఆగింది. దిగినావిడకు ముప్పై లోపే ఉంటాయి. భుజాన హ్యాండ్‌బ్యాగు, ఒక చేతిలో ఫైలు, చంకలో చుట్టిన చార్టు.

"ఏవండీ, ఇంగ్లీషు టీచర్ డెమో ఇక్కడేనా? నా పేరు దేవిక. జగ్గయ్యపేట నుంచి వచ్చాను."

నవనీత ఆమె చంకలోని చార్టు వంక చూసింది. నిజం చెబితే ఈమె ఇదే ఆటోలో వెనక్కి పోతుంది. ఆ పిల్లలకు ఇవాళ ఎవరూ ఉండరు. చెప్పకపోతే ఈమె కూడా రేపో ఎల్లుండో అదే కరస్పాండెంటుకు నమస్కారం పెట్టి రాజీనామా రాసుకుంటుంది. పిల్లలు తన విషయంలో ఈ లెక్క మొన్ననే చేశారు. తనకు మాత్రం ఎందుకింత కష్టంగా ఉందో అనుకుంది.

"జర ఇట్ల రాండ్రి," అని గేటుకు దూరంగా, టీ బండి వైపు తీసుకుపోయింది. ఉన్నదున్నట్టు చెప్పింది. మూడు రోజులు, ఆరు పీరియడ్లు, పేపర్ల కట్ట, సువర్ణ సంగతి, తన సంగతి. దేవిక తెల్లవారకముందే లేచి వచ్చిందట. వాళ్లాయనతో పోట్లాడి మరీ వచ్చిందట.

"మరి నన్ను వెళ్లమంటారా, వద్దంటారా?"

"పోవద్దని చెప్పే హక్కు నాకు లేదు. పోతే మాత్రం ఒరిజినల్స్ ఇయ్యకుండ్రి, జిరాక్సులు చాలు. ఎక్కడా రిజైన్ చెయ్యకుండ్రి. ఇంకొకటి. పదో తరగతికి ఫ్యూచర్ కంటిన్యువస్ పాఠం వచ్చు. రాదన్నట్టు నటిస్తరు, నమ్మకుండ్రి. డిపో మేనేజరుకు లెటర్ రాస్తున్నం. రెండు పేరాలు అయినయి. బస్సు ఆపమని అడిగే పేరా మిగిలింది. ఒక్క పీరియడ్ చాలు. అంతే."

దేవిక ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకు వెళ్లింది. వచ్చి, అసలు కాగితాలు హ్యాండ్‌బ్యాగు అడుగున పెట్టి జిప్పు లాగింది. "ఇవాళ ఒక్కరోజు చెప్పి పోతానండీ," అంది.

ఇద్దరూ గేటు దాకా నడిచారు. కొత్త అభ్యర్థి కోసం వరండాలోకి వచ్చిన కరస్పాండెంటు వెనక నవనీతను చూసి ఆగాడు. ఇద్దరు టీచర్లను ఒకేసారి చూసిన కళ్లలో ఏదో లెక్క నడిచింది.

"మీరు ఇంకా వెళ్లలేదా మేడంగారూ? నిన్న తొందరపడ్డానేమో అనిపించింది. పైగా మొన్న రిపోర్టు బాగుందిగా. ఇంకో ఛాన్స్ చూద్దామా? ఉండండి, పిల్లలనే అడుగుదాం." పదో తరగతి కిటికీ వైపు తిరిగి కేకేశాడు. "ఏరా, ఈ మేడం ఎలా చెప్పారురా? మళ్లీ రమ్మందామా?"

కిటికీలో మల్సూర్ మొహం కనిపించింది, వాడి భుజం వెనక రూప. అన్నీ తెలిసి కూడా నవనీతకు, బాగా చెప్పారు అన్న ఒక్క మాట వాళ్ల నోట వినాలని ఉంది. నిజంగా, పిచ్చిగా ఉంది.

మల్సూర్ ఆమెను తేరిపార చూశాడు. ఎన్నడూ చూడని మనిషిని చూసినట్టు చూశాడు.

"ఏం సమజ్ కాలే సార్," అన్నాడు. "మాకొద్దు."

వెనక నుంచి రూప చేయి వచ్చి కిటికీ రెక్క లాగింది. తొమ్మిదేళ్లలో నవనీతను ఇంతగా మెచ్చుకున్నవాళ్లు లేరు. ఆమె బ్యాగును గుండెకు హత్తుకుని, కళ్లు తుడుచుకోకుండానే, పన్నెండు లోపల సూర్యాపేట చేర్చే బస్సు కోసం స్టాండు వైపు నడిచింది.